బెగోమోవైరస్‌లలో పునస్సంయోజనాన్ని గుర్తించడం ఎలా: తెగులు ఆకు నుంచి వంశవృక్షం దాకా సమగ్ర మార్గదర్శి

1980ల చివర్లో ఉగాండాలో కర్రపెండలం (కసావా) పంటను మొజాయిక్ తెగులు మునుపెన్నడూ లేనంత తీవ్రంగా దెబ్బతీయడం మొదలైంది. తెగులు సోకిన ఆకులను యాంటీబాడీలతో పరీక్షిస్తే, అందులో ఉన్నది అప్పటికే తెలిసిన ఆఫ్రికన్ కసావా మొజాయిక్ వైరస్ అన్నట్టే ఫలితం వచ్చేది. 1997లో రెండు పరిశోధక బృందాలు ఆ వైరస్ డీఎన్‌ఏను చదివి చూశాక అసలు సంగతి బయటపడింది. జన్యుపదార్థంలో అత్యధిక భాగం తూర్పు ఆఫ్రికా కసావా మొజాయిక్ వైరస్‌ది కాగా, పైపొర ప్రోటీన్ జన్యువు నడుమ సుమారు 460 అక్షరాల (న్యూక్లియోటైడ్ల) ముక్క మాత్రం ఆఫ్రికన్ కసావా మొజాయిక్ వైరస్ నుంచి వచ్చి అతుక్కుంది. యాంటీబాడీలు గుర్తుపట్టేది పైపొరనే కనుక పరీక్ష ఆ ముక్కను చూసి మొత్తం వైరస్‌కు పేరు పెట్టింది. రెండు వేర్వేరు వైరస్‌ల డీఎన్‌ఏ ముక్కలు ఇలా ఒకే జన్యుపదార్థంగా కలిసిపోవడమే పునస్సంయోజనం.

మన పొలాల్లో మినుము పల్లాకు తెగులు, బెండ శంఖు రోగం, టమాటా ఆకుముడత, రైతులు జెమిని వైరస్ అని పిలిచే మిరప తెగులు అన్నీ ఆ కసావా వైరస్‌ల వంటి, తెల్లదోమ వ్యాప్తి చేసే బెగోమోవైరస్‌ల పనే. తూర్పు గోదావరిలో సగ్గుబియ్యం కోసం పండించే కర్రపెండలానికి వచ్చే మొజాయిక్ కూడా ఈ కుటుంబానిదే, కాకపోతే వైరస్ జాతులు వేరు. ఈ తెగుళ్లపై ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ స్థాయిలో పని మొదలుపెట్టిన విద్యార్థులు తమ నమూనాలో పునస్సంయోజనం జరిగిందో లేదో నమ్మకంగా తేల్చుకోవడానికి ఈ మార్గదర్శిని రాస్తున్నాను. సాఫ్ట్‌వేర్ ఇచ్చే పట్టిక జవాబు కాదు, అది పరిశీలించవలసిన ఆరోపణల జాబితా మాత్రమే. ఆ ఆరోపణలను ఒక్కొక్కటిగా విచారించే పద్ధతి కిందివరుస దశల్లో ఉంది.

ముందుగా తెలిసి ఉండవలసినది

బెగోమోవైరస్ జన్యుపదార్థం వలయాకారంలో ఉండే ఒంటిపోగు డీఎన్‌ఏ. కొన్నింటిలో ఒకే వలయం ఉంటుంది, మరికొన్నింటిలో డీఎన్‌ఏ-ఏ, డీఎన్‌ఏ-బీ అని రెండు ఉంటాయి. ఒక్కో వలయం పొడవు 2,600 నుంచి 2,800 అక్షరాలు. వీటికి సొంత డీఎన్‌ఏ పాలిమరేజ్ (డీఎన్‌ఏ ప్రతులను తయారుచేసే ఎంజైము) లేదు. మొక్క కణంలోకి చేరాక ఒంటిపోగు జంటపోగుగా మారుతుంది. తరువాత రెప్ అనే వైరస్ ప్రోటీన్, ఈ కుటుంబమంతటా దాదాపు మారకుండా నిలిచిన టీఏఏటీఏటీటీఏసీ అనే తొమ్మిది అక్షరాల క్రమంలో ఏడో అక్షరం తరువాత ఒక పోగును తెంచుతుంది. అక్కడి నుంచి మొక్కలోని యంత్రాంగమే కొత్త పోగును వలయం చుట్టూ తిరుగుతూ తయారుచేస్తుంది. ఇదికాక, తెగిపోయిన లేదా అసంపూర్తిగా మిగిలిన పోగు తనను పోలిన మరో వలయంలోకి చొరబడి అక్కడి నుంచి ప్రతికృతిని కొనసాగించే రెండో మార్గం కూడా ఉంది. ఒకే కణంలో రెండు రకాల వైరస్‌లు ఉన్నప్పుడు ఆ పోగు పరాయి వలయంలోకి చొరబడిందంటే పునస్సంయోజిత వైరస్ పుట్టడానికి దారి తెరుచుకున్నట్టే. తెల్లదోమ ఒక మొక్క నుంచి మరో మొక్కకు పలు వైరస్‌లను మోసుకుపోతుంది కనుక ఇలాంటి మిశ్రమ సంక్రమణలు పొలంలో సర్వసాధారణం.

మొదటి దశ: నమూనాను అనుమానంతో సేకరించడం

లక్షణాలు స్పష్టంగా ఉన్న లేత ఆకులను తీసుకుని, ఒక్కో మొక్కను ఒక్కో నమూనాగా ఉంచాలి. పలు మొక్కల ఆకులను కలిపి నూరితే, వేర్వేరు మొక్కల్లోని వైరస్‌లు ఒకే గొట్టంలో చేరి, పరీక్షాశాలలోనే కృత్రిమ పునస్సంయోజితం పుట్టే అవకాశం ఏర్పడుతుంది. సేకరించిన తేదీ, గ్రామం, పంట రకం అప్పటికప్పుడే రాసిపెట్టుకోండి. చివరి దశల్లో కాలగణన చేసేటప్పుడు తేదీ లేని క్రమం దాదాపు పనికిరాదు.

డీఎన్‌ఏను విస్తరించే దశలోనే అసలు ప్రమాదం ఉంది. డీఎన్‌ఏను చక్రాలవారీగా పెంచే పీసీఆర్‌లో ఒక చక్రంలో అసంపూర్తిగా ఆగిన ముక్క తరువాతి చక్రంలో వేరే వైరస్ పోగుకు అతుక్కుని ప్రైమర్‌లా (కొత్త పోగును మొదలుపెట్టే చిన్న ముక్కలా) పనిచేయగలదు. అలా పుట్టిన సంకరం కంప్యూటర్ తెర మీద నిజమైన పునస్సంయోజితానికి ఏమాత్రం తీసిపోదు. అందుచేత ఫై29 పాలిమరేజ్‌తో చేసే వలయ విస్తరణను ఎంచుకోవడం మేలు. అది 30 డిగ్రీల వద్ద సుమారు 18 గంటల్లో వలయాకార డీఎన్‌ఏను ప్రత్యేకంగా పెంచుతుంది, ప్రైమర్ల కోసం వైరస్ క్రమం ముందే తెలిసి ఉండనక్కరలేదు. సంకరాల ముప్పు ఇందులోనూ పూర్తిగా పోదు గానీ చాలావరకు తగ్గుతుంది.

తరువాత బామ్‌హెచ్1, ఈకోఆర్1, హిండ్3 వంటి ఎంజైములను విడివిడిగా వేసి, వలయాన్ని ఒకేచోట కోసేది ఏదో చూడాలి. జెల్‌లో 2.7 కిలోబేస్‌ల దగ్గర ఒకే పట్టీ వస్తే దాన్ని క్లోన్ చేయవచ్చు (అంటే బ్యాక్టీరియాలో చేర్చి ఒకే రూపం ప్రతులను పెంచవచ్చు). సుమారు 1.35 కిలోబేస్‌ల పట్టీ కనిపిస్తే బీటాశాటిలైట్ (వైరస్‌ను ఆశ్రయించి ఉండే చిన్న డీఎన్‌ఏ వలయం) ఉండవచ్చు. పట్టీల పొడవుల మొత్తం ఒక వలయానికి మించితే, డీఎన్‌ఏ-బీ ఉండడం, కోత అసంపూర్తి కావడం, మిశ్రమ సంక్రమణ అనే మూడు కారణాలనూ పరిశీలించాలి. మిశ్రమ సంక్రమణ అని తేలితే ఒక్క క్లోన్‌తో సరిపెట్టుకోకూడదు. ఒకే సంకర రూపం వేర్వేరు క్లోన్లలో, వీలైతే వేర్వేరు మొక్కల్లో, వేర్వేరు విస్తరణల్లో కనిపించినప్పుడే దాన్ని పొలంలో పుట్టినదిగా పరిగణించాలి. క్రమాన్ని చిన్న ముక్కలుగా (రీడ్‌లుగా) చదివే సీక్వెన్సింగ్ వాడేవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. రెండు వైరస్‌ల మధ్య పొడవాటి ఒకేరకమైన భాగం ఉంటే ఆ ముక్కలను అతికే అసెంబ్లీ ప్రోగ్రాము ఒకదాని తలను మరొకదాని తోకకు కలిపేయగలదు.

రెండో దశ: వలయాన్ని ఒకేచోట తెరవడం

వలయానికి మొదలూ తుదీ ఉండవు. కనుక అన్ని క్రమాలనూ ఒకే బిందువు నుంచి మొదలుపెట్టాలి. పైన చెప్పిన తొమ్మిది అక్షరాల్లో ఎనిమిదోదైన ‘ఏ’ ఒకటో స్థానం కావాలన్నది పాటిస్తున్న పద్ధతి. అంటే మీ ఫైలు ‘ఏసీ’తో మొదలై ‘టీఏఏటీఏటీటీ’తో ముగియాలి. బహిరంగ క్రమాల భాండాగారమైన జెన్‌బ్యాంక్ నుంచి దించుకున్న క్రమాలన్నీ ఇలాగే ఉంటాయని అనుకోకండి, ప్రతిదాన్నీ చూడండి. ఆపై డీఎన్‌ఏ-ఏలోని ఏవీ1 (పైపొర ప్రోటీన్), ఏవీ2, ఏసీ1 (రెప్), ఏసీ2, ఏసీ3, ఏసీ4 జన్యువులు అడ్డు లేకుండా చదవబడుతున్నాయో లేదో పరీక్షించాలి. మధ్యలో ఆగిన జన్యువు సీక్వెన్సింగ్ పొరపాటుకు గుర్తు కావచ్చు. పొరపాటే అని ముందుగా నిర్ణయించుకోవడమూ తప్పే. 2001 తరువాత పాకిస్తాన్‌లోని బూరేవాలా ప్రాంతం నుంచి వ్యాపించి, తెగులును తట్టుకునే పత్తి రకాలను లొంగదీసుకున్న వైరస్ రూపంలో ఏసీ2కు సమానమైన జన్యువు నిజంగానే కుదించుకుపోయి ఉంది. అదీ రెండు పత్తి ఆకుముడత వైరస్‌లు కలిసి పుట్టిన పునస్సంయోజితమే.

మూడో దశ: పోల్చవలసిన క్రమాలను ఎంచుకోవడం

జెన్‌బ్యాంక్‌లో పోలిన క్రమాలను వెతికే బ్లాస్ట్ శోధనలో పైన వచ్చిన పదింటిని తెచ్చుకుని పని కానిచ్చేయడం చాలామంది చేసే పని. అది చాలదు. పునస్సంయోజితంలోని చిన్న ముక్కను ఇచ్చిన వైరస్ మొత్తం క్రమం మీద చూస్తే దూరపు చుట్టంలా ఉంటుంది కనుక మొదటి పదిలో కనిపించకపోవచ్చు. అందుచేత మీ క్రమాన్ని 300 నుంచి 500 అక్షరాల ముక్కలుగా విడదీసి ఒక్కోదాన్నీ విడిగా శోధించండి. ముక్క ముక్కకూ దగ్గరి బంధువు మారుతూ ఉంటే అదే మొదటి ఆచూకీ.

జాతిని నిర్ణయించడానికి ఎస్‌డీటీ వంటి సాధనంతో జతలవారీ పోలికను లెక్కించాలి. పూర్తి డీఎన్‌ఏ-ఏ పోలిక తెలిసిన ఏ వైరస్‌తోనూ 91 శాతం చేరకపోతే అది కొత్త బెగోమోవైరస్ జాతి. 91 శాతం చేరినా 94 శాతం కన్నా తక్కువైతే అదే జాతిలో కొత్త స్ట్రెయిన్. ఈ హద్దులు ఒక పెద్ద పునస్సంయోజన ఘటనతో కూడా దాటిపోవచ్చు కనుక, కొత్త జాతి అని ప్రకటించేముందు అది పాత వైరస్‌ల కలయికేనేమో తెలుసుకుని ఆ విషయం స్పష్టంగా రాయాలి.

క్రమాల సంఖ్య పెరిగేకొద్దీ లాభంతోపాటు నష్టమూ ఉంటుంది. పునస్సంయోజనాన్ని వెతికే ఆర్‌డీపీ ప్రోగ్రాములోని (ఆరో దశ చూడండి) పద్ధతులు ఎక్కువగా క్రమాలను మూడేసి చొప్పున తీసుకుని పరీక్షిస్తాయి. 50 క్రమాలుంటే 19,600 త్రయాలు, 100 ఉంటే 1,61,700 త్రయాలు. అన్ని పరీక్షలకు సరిపడా సవరణ చేసినప్పుడు బలహీనమైన నిజమైన సంకేతాలు కూడా మరుగున పడతాయి. దాదాపు ఒకేలా ఉన్న క్రమాల్లోంచి ఒక ప్రతినిధిని మాత్రమే ఉంచుకోవడం వల్ల ఈ నష్టం తగ్గుతుంది.

నాలుగో దశ: అమరిక

అమరిక అంటే క్రమాల్లోని సమాన స్థానాలు ఒకదాని కింద ఒకటి వచ్చేలా పేర్చడం. మాఫ్ట్ లేదా మజిల్ ప్రోగ్రాముతో అమర్చిన తరువాత ఫైలును కళ్లతో చూడాలి. జన్యువులున్న భాగాలు సాధారణంగా బాగానే కుదురుతాయి. జన్యువుల నడుమ ఉండే ఖాళీ ప్రాంతంలో, అంటే ప్రతికృతి మొదలయ్యే చోట, క్రమాలు చాలా వేగంగా మారతాయి కనుక అమరిక అక్కడే తప్పుతుంది. తప్పు అమరిక పునస్సంయోజనంలా కనిపిస్తుంది, పైగా నిజమైన పునస్సంయోజనం ఎక్కువగా జరిగే చోటు కూడా అదే. చేతితో సవరించిన ప్రతి చోటునూ రాసిపెట్టుకుని, ఆ భాగాన్ని తీసేసి మరోసారి విశ్లేషిస్తే ఫలితం నిలుస్తుందో లేదో చూడండి.

ఐదో దశ: సంకేతం ఉందా, లేదా?

ఘటనలను వెతికే ముందు స్ప్లిట్స్‌ట్రీ ప్రోగ్రాములోని ఫై పరీక్షతో మొత్తం అమరికలో పునస్సంయోజన ఛాయలు ఉన్నాయో లేవో చూసుకోవచ్చు. ఇది ఎక్కడ, ఎవరి మధ్య అన్నది చెప్పదు. బెగోమోవైరస్‌ల విషయంలో జవాబు చాలాసార్లు ‘ఉంది’ అనే వస్తుంది కనుక ఈ దశలో ఎక్కువసేపు ఆగనక్కరలేదు.

ఆరో దశ: ఆర్‌డీపీ నడపడం

కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో డారెన్ మార్టిన్, ఎడ్ రిబికీ 2000లో వెలువరించిన ఆర్‌డీపీ ఇప్పుడు ఐదో రూపంలో విండోస్ మీద ఉచితంగా దొరుకుతుంది. ఆర్‌డీపీ, జెన్‌కాన్వ్, బూట్‌స్కాన్, మ్యాక్స్‌కై, కైమీరా, సైస్కాన్, త్రీసెక్ అనే ఏడు పద్ధతులను ఒకేచోట నడుపుతుంది. అమరికను తెరవగానే క్రమాలు వలయాకారమైనవని తప్పనిసరిగా గుర్తు పెట్టాలి. లేకపోతే ఒకటో స్థానం దగ్గర ఉన్న నకిలీ అంచును ప్రోగ్రాము నిజమైన అంచుగా తీసుకుంటుంది. మూడో దశలో చెప్పిన, పరీక్షల సంఖ్యకు తగ్గట్టు చేసే బోన్‌ఫెరోని సవరణను అలాగే ఉంచి, 0.05 హద్దుతో పూర్తి శోధన చేయండి. కనీసం మూడు పద్ధతులు అంగీకరించిన ఘటనలను మాత్రమే ముందుకు తీసుకెళ్లడం ఈ రంగంలో వాడుక. అయితే ఈ పద్ధతుల్లో కొన్ని ఒకే రకమైన సమాచారాన్ని వాడతాయి కనుక, మూడింటి అంగీకారాన్ని ముగ్గురు స్వతంత్ర సాక్షుల మాటగా తీసుకోకూడదు.

ఏడో దశ: ప్రతి ఘటననూ విచారించడం

మొత్తం పనిలో సగం సమయం ఇక్కడే పట్టాలి. ప్రోగ్రాము ఒక ఘటనకు ఒక పునస్సంయోజితాన్నీ, ఒక పెద్ద మాతృ వైరస్‌నూ, ఒక చిన్న మాతృ వైరస్‌నూ, రెండు అతుకు స్థానాలనూ చూపుతుంది. వీటిలో ఏదైనా తప్పు కావచ్చు.

ముందుగా చేతి లెక్క చేయండి. అమరికలోంచి అనుమానిత సంతానాన్నీ, ఇద్దరు మాతృ వైరస్‌లనూ మాత్రమే విడిగా తీసి, మాతృ వైరస్‌లు రెండూ ఒకదానితో ఒకటి తేడాపడే స్థానాలను మాత్రమే మిగల్చండి. ఒక్కో స్థానంలో సంతానం ఎవరితో కలుస్తుందో గుర్తు పెడుతూ వెళ్లండి. ఉగాండా వైరస్ వంటి ఘటనలో వరుసగా ఒకరివైపు ఉన్న గుర్తులు ఒకచోట హఠాత్తుగా రెండోవారివైపు తిరిగి, కొంతదూరం పోయాక మళ్లీ మొదటివారివైపు తిరుగుతాయి. మాతృ వైరస్‌ల మధ్య 80 శాతం పోలిక ఉంటే 460 అక్షరాల ముక్కలో దాదాపు 90 తేడా స్థానాలు దొరుకుతాయి. అవన్నీ ఒకేవైపు మొగ్గితే యాదృచ్ఛికమని ఎవరూ అనలేరు. అదే పోలిక 98 శాతమైతే ఆ ముక్కలో దొరికేవి తొమ్మిదే స్థానాలు. అక్కడ తీర్పు ఇవ్వడానికి తొందరపడకూడదు. ఒకవైపు గుర్తుల నడుమ అక్కడక్కడా రెండోవైపువి చెదురుగా ఉంటే పునస్సంయోజనం కన్నా విడివిడి ఉత్పరివర్తనాలు ఎక్కువ సంభావ్యం.

తరువాత అతుకుల మధ్యనున్న భాగానికి ఒక వంశవృక్షం, మిగిలిన భాగానికి మరో వంశవృక్షం ఐక్యూ-ట్రీ ప్రోగ్రాముతో గీయండి. సంతానం ఒక వృక్షంలో ఒక మాతృ వైరస్ పక్కన, రెండోదానిలో రెండో మాతృ వైరస్ పక్కన, మంచి బూట్‌స్ట్రాప్ మద్దతుతో (డేటాను పదేపదే తిరిగి ఎంచి గీసినా ఆ కొమ్మ నిలిచే శాతంతో) నిలవాలి. స్థానం మారినది సంతానం కాక ‘మాతృ వైరస్’ అని చూపినదే అయితే ప్రోగ్రాము పాత్రలను తారుమారు చేసిందన్నమాట. ఇది అరుదేమీ కాదు, ఆర్‌డీపీలోనే పాత్రలను సరిచేసి మళ్లీ శోధించవచ్చు.

మాతృ వైరస్ పేరు విషయంలో మాట జాగ్రత్త అవసరం. మీ అమరికలో ఉన్నవాటిలో అత్యంత దగ్గరిది ఏదో మాత్రమే ప్రోగ్రాము చెప్పగలదు. 2010లో పొలంలో సేకరించిన వైరస్ అంతకుముందే పుట్టిన వైరస్‌కు తల్లి కాలేదు. అసలు తల్లి దాని పూర్వీకురాలు కావచ్చు, లేదా ఎవరూ ఇంతవరకూ సేకరించని వైరస్ కావచ్చు. ‘మాతృ వైరస్‌ను పోలినది’ అని రాయడమే సరైనది. అతుకు స్థానాన్ని కూడా ఒకే అంకెగా కాక, ప్రోగ్రాము ఇచ్చే విశ్వాస పరిధితో సహా ఇవ్వాలి.

చిన్న ముక్కలను చిన్నచూపు చూడకండి. మొరాకోలో టమాటా పసుపు ఆకుముడత వైరస్‌కు చెందిన ఐఎస్76 అనే రూపం, ప్రతికృతి మొదలయ్యే స్థానం పక్కన కేవలం 76 అక్షరాలంత ముక్కను, సార్డీనియా పేరు గల మరో టమాటా ఆకుముడత వైరస్ జాతి నుంచి పొందింది. అంత చిన్న మార్పుతోనే పుట్టిన ఆ వైరస్ అక్కడి పొలాల్లో తన ఇద్దరు మాతృ వైరస్‌లనూ పక్కకు నెట్టేసింది. ఈ ముక్క సరిగ్గా ఒకటో స్థానం దగ్గరే ఉందన్నది గమనించండి. రెండో దశలో వలయాన్ని తెరిచే తీరు, ఆరో దశలో వలయమని గుర్తు పెట్టడం ఎందుకు అంత ముఖ్యమో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఎనిమిదో దశ: జీవశాస్త్రపరంగా పొసగుతుందా?

అతుకులు వలయమంతటా సమానంగా ఉండవు. ప్రతికృతి మొదలయ్యే స్థానం దగ్గర, రెప్ జన్యువు ఉన్న సగంలో ఇవి ఎక్కువగా కనిపిస్తాయి, పైపొర ప్రోటీన్ జన్యువు లోపల తక్కువగా కనిపిస్తాయి. ఉగాండా వైరస్ ఈ రెండో విషయంలో మినహాయింపు. ఇందులో రెండు కారణాలు కలిసి ఉంటాయి. పోగు తెగే చోట్ల అతుకు ఏర్పడడం తేలిక అన్నది ఒకటి. ఏర్పడిన సంకరాల్లో పనిచేయనివి ఎంపికలో రాలిపోవడం రెండోది.

కాబట్టి ఒక తనిఖీ తప్పక చేయండి. ప్రతికృతి ప్రారంభ స్థానం పక్కన ఇటెరాన్లు అనే చిన్న పునరావృత క్రమాలుంటాయి. రెప్ ప్రోటీన్ మొదటి భాగం తన వైరస్ ఇటెరాన్లనే గుర్తుపడుతుంది. మీ సంకరంలో ఇటెరాన్లు ఒక వైరస్‌వీ, రెప్ మొదటి భాగం పొసగని మరో వైరస్‌దీ అయితే, అటువంటి వైరస్ ఎలా బతికిందన్న ప్రశ్నకు జవాబు వెతకాలి. మొదట అనుమానించవలసింది క్లోనింగ్‌నే. రెండు వలయాల వైరస్‌లలో డీఎన్‌ఏ-ఏ ఒక జాతిది, డీఎన్‌ఏ-బీ మరో జాతిదీ కావచ్చు. అక్కడ వలయాలు తెగకుండానే మార్పిడి జరుగుతుంది కనుక దాన్ని పునస్సంయోజనంతో కలపకుండా విడిగా నమోదు చేయాలి.

సంకరం నిజంగా ఏం చేయగలదో తెలియాలంటే సంక్రమించగల క్లోన్ తయారుచేసి మొక్కలోకి డీఎన్‌ఏను చేర్చే ఆగ్రోబ్యాక్టీరియం అనే బ్యాక్టీరియా ద్వారా మొక్కలకు ఎక్కించాలి. దక్షిణ స్పెయిన్‌లో రెండు టమాటా ఆకుముడత వైరస్‌లు కలిసి పుట్టిన మాలగా వైరస్, తన మాతృ వైరస్‌ల కన్నా ఎక్కువ రకాల మొక్కలకు సోకుతుందని తేలింది ఇటువంటి పరీక్షలతోనే. ఈ ప్రయోగాలకు మీ సంస్థలోని జీవభద్రత కమిటీ అనుమతి ముందే తీసుకోవాలి. పొలంలో లేని సంకరాలను ఊరికే చూద్దామని తయారుచేయడాన్ని నేను సమర్థించను.

తొమ్మిదో దశ: పరిణామ వేగాన్ని లెక్కించడం

మొక్క పాలిమరేజ్‌తో ప్రతికృతి చెందే డీఎన్‌ఏ వైరస్‌లు నెమ్మదిగా మారతాయని ఒకప్పుడు భావించేవారు. తేదీలున్న క్రమాలతో లెక్కించినప్పుడు ఒంటిపోగు డీఎన్‌ఏ వైరస్‌ల వేగం ఏడాదికి ఒక్కో స్థానానికి పదివేలలో ఒకటి నుంచి వెయ్యిలో ఒకటి వరకు ఉంటుందని తేలింది. ఇది ఆర్‌ఎన్‌ఏ వైరస్‌ల వేగానికి దగ్గరిది. ఒంటిపోగుగా ఉన్నప్పుడు సైటోసిన్ అమైనో సమూహాన్ని కోల్పోయి, ‘సీ’ స్థానంలో ‘టీ’ రావడం ఇందుకు ఒక కారణంగా భావిస్తున్నారు.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. వేగం పదివేలకు మూడు అనుకుంటే, 2,700 అక్షరాల వలయంలో ఏడాదికి ఒక మార్పు కన్నా తక్కువే నిలుస్తుంది. ఏడో దశలో చూసిన 460 అక్షరాల పునస్సంయోజనం ఒక్క ఘటనలో దాదాపు 90 మార్పులు తెస్తుంది. ఆ సంకరాన్ని అలాగే, తేదీలున్న క్రమాల నుంచి వయసు లెక్కించే బీస్ట్ ప్రోగ్రాములో పెడితే నిన్న పుట్టిన వైరస్‌కు వందేళ్లకు పైబడిన వయసు అంటగట్టినట్టవుతుంది. అందుచేత పునస్సంయోజిత ముక్కలను ఖాళీ గుర్తులతో నింపాలి లేదా జన్యుపదార్థాన్ని అతుకుల వద్ద విడదీసి ఒక్కో భాగాన్నీ విడిగా విశ్లేషించాలి. ఆ తరువాత టెంప్‌ఎస్ట్ ప్రోగ్రాముతో, సేకరణ సంవత్సరం పెరిగేకొద్దీ వేరు నుంచి దూరం పెరుగుతోందో లేదో చూడాలి. ఆ సంబంధం లేకపోతే బీస్ట్ ఇచ్చే సంవత్సరాలకు ఆధారం లేనట్టే, ఆ లెక్కను ప్రచురించకపోవడమే న్యాయం.

ఎంపిక ఒత్తిడిని కొలిచేటప్పుడు మరో చిక్కు ఉంది. ఏసీ4 జన్యువు ఏసీ1 లోపలే వేరే చదువు వరుసలో (రీడింగ్ ఫ్రేమ్‌లో) ఉంటుంది. ఏవీ2 కొంతభాగం ఏవీ1 మీదుగా పోతుంది. ఒక జన్యువులో అర్థం మార్చని (అంటే ప్రోటీన్‌ను మార్చని) మార్పు రెండోదానిలో అర్థం మార్చవచ్చు కనుక, ఈ అతివ్యాప్త భాగాల్లో అర్థం మార్చే, మార్చని మార్పుల నిష్పత్తి తప్పుదోవ పట్టిస్తుంది. వాటిని మినహాయించి, పునస్సంయోజనాన్ని, అతుకులను గుర్తించే గార్డ్ పద్ధతితో పరిగణనలోకి తీసుకున్న తరువాతే ఈ నిష్పత్తిని లెక్కించండి.

పదో దశ: నమోదు

క్రమాలను తేదీ, ప్రాంతం, అతిథేయ మొక్క వివరాలతో జెన్‌బ్యాంక్‌కు సమర్పించండి. వ్యాసంతోపాటు అమరిక ఫైలునూ, ఆర్‌డీపీ దాచిన ఫైలునూ ఇవ్వాలి. ప్రతి ఘటనకూ అంగీకరించిన పద్ధతులు, అతుకుల పరిధి, మాతృ వైరస్‌లను పోలిన క్రమాల సంఖ్యలు, ఎన్ని మొక్కల్లో, ఎన్ని క్లోన్లలో కనిపించిందన్న సంగతి పట్టికలో ఉండాలి. విచారణలో నిలవని ఘటనలను కూడా, ఎందుకు తిరస్కరించారో ఒక వాక్యంలో చెప్పి అదే పట్టికలో చేర్చండి. మరొకరు అదే పంట మీద కొత్త నమూనాలతో వచ్చినప్పుడు మొదట వెతికేది ఆ వరుసలనే.